నాలుగో నోటుబుక్కు

ఆగస్టు 4, సోమవారం

మబ్బు. పొద్దున్న కాస్త తుంపర పడింది, తరవాత ఉక్క. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోశాను. ఆరు మూతలూ తీసి ఆరింటిలోనూ గీత దాకా. నెలకోసారి, మొదటి సోమవారం.

టైపు: లేదు. ప్రింటు: మూడు వందల పది పేజీలు. బైండింగు: రెండు.

ఆ మూడు వందల పదీ పెన్‌డ్రైవులో వచ్చినవే. చేతిరాత తెచ్చేవాళ్లు ఈ ఏడాది ఇద్దరే. ఒకప్పుడు ఈ షాపులో ఆరు కంప్యూటర్లు, ఆరుగురు టైపిస్టులు. యూనివర్సిటీలో థీసిసు ఇచ్చే నెల వస్తే స్కాలర్లు మెట్ల మీద కూర్చుని వంతు కోసం చూసేవారు. ఇప్పుడు నేను, బైండింగు చేసే తాతాజీ. అంతే.

మధ్యాహ్నం సుమంత్ వచ్చాడు. హిస్టరీలో పీహెచ్‌డీ. నాలుగైదేళ్లుగా వస్తూ పోతూ ఉన్నవాడే.

"రావుగారూ, ఇది తొంభై రెండు చూపిస్తోందండి. పదికి దించాలండి."

"ఏంటి తొంభై రెండు?"

"యూనివర్సిటీ వాళ్లు చూసే సాఫ్ట్‌వేరులో, మిషను రాసిన శాతమండి."

"మరి ఎవరు రాశారు?"

"నేనేనండి. అంటే, నేను అడిగితే అది రాసిందండి."

తాతాజీ కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. "ఇదివరకు ఎత్తిరాస్తే ఎక్కడినించి ఎత్తారో ఎతికి పట్టుకునేవోరండి. ఇప్పుడు ఎత్తినోడికే తెలీదు, ఎక్కడిదో. ఆయ్."

సుమంత్ ఏమీ అనుకోలేదు. "మీరేం కష్టపడక్కర్లేదండి. పేజీకి రెండు మూడు తప్పులు పెట్టండి చాలు. తప్పులుంటే మనిషి రాసినట్టే లెక్కటండి."

నేను చెయ్యనన్నాను. ముప్పై ఒక్క ఏళ్లుగా తప్పులు తీస్తున్నవాడిని. పెట్టడం రాదన్నాను. పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం హారతి ఫోన్ చేసింది. రేపు వస్తానంది. గొంతు బాగాలేదు.

ఆగస్టు 5, మంగళవారం

మబ్బు. టైపు: 4 పేజీలు (గుడి కమిటీ వారి కరపత్రం). చేతిరాత కాబట్టి రాస్తున్నాను.

హారతి పదకొండింటికి వచ్చింది. ఉప్పాడ నేతగాళ్ల పిల్ల. వాళ్ల మాట మీదే, ముసలివాళ్లు మగ్గం దగ్గర మాట్లాడుకునే మాటల మీదే ఆమె థీసిసు. ఫిబ్రవరిలో ఇక్కడే టైపు చేయించి, ఇక్కడే బైండు చేయించి ఇచ్చింది. నన్ను బాబాయిగారూ అంటుంది. మా ఆవిడ సత్యలక్ష్మి ఉన్నప్పుడు ఆమెని పిన్నిగారూ అనేది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు రిపోర్టు వచ్చిందట. కాగితం చూపించింది. నాలుగో అధ్యాయం మనిషి రాసినది కాదట. ఎనభై ఏళ్ల ముసలమ్మా, నలభై ఏళ్ల నేతగాడూ ఒకే పుస్తకం భాష మాట్లాడుతున్నారట. యంత్రం చేత రాయించిందని అనుమానం. పద్నాలుగో తేదీన విచారణ కమిటీ.

"నేను చేత్తో రాశానని అందరికీ చెప్పానండి. నోట్‌బుక్కులు తెచ్చి చూపించమన్నారు. అయిదూ మీ దగ్గరే ఉన్నాయి కదండీ."

ఉన్నాయి. టైపుకి ఇచ్చినవాటిని థీసిసు ఇచ్చాక కూడా తనే తీసుకెళ్లలేదు. హాస్టలు గది ఖాళీ చెయ్యాలి, ఇంటికి తీసుకెళితే పున్నమి పోటుకి నీళ్లు లోపలికి వస్తాయి, మీ దగ్గరైతే భద్రమంది.

అరలోంచి దారం కట్టిన కట్ట తీసి ఇచ్చాను. విప్పి లెక్కపెట్టింది.

"నాలుగే ఉన్నాయండి. నాలుగోది లేదు."

"వెతుకుతానమ్మా."

"అదే కావాలండి. మామ్మ మాటలన్నీ అందులోనే ఉన్నాయి. రికార్డు చెయ్యనివ్వలేదు కదండీ ఆవిడ. ఆ డబ్బాలో నా నోరు పెట్టమాకంది."

వాళ్ల మామ్మ పేరు చిన్నమ్మాయి. ఎనభై రెండేళ్లు. కిందటి వేసవిలో పోయింది.

తునిలో ఒక కాలేజీ వాళ్లు హారతికి లెక్చరరు ఉద్యోగం ఇచ్చారు. సెప్టెంబరు ఒకటికల్లా డిగ్రీ వచ్చినట్టు కాగితం చూపాలి. ఇది తేలకపోతే ఆ ఉద్యోగం లేదు.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "కళ్లెలా ఉన్నాయండి బాబాయిగారూ?" అని అడిగింది.

ఆగస్టు 6, బుధవారం

ఎండ. వెతికాను. దొరకలేదు. టైపు: లేదు.

ఆగస్టు 7, గురువారం

షాపులో అరలన్నీ దులిపాను. పాత ప్రూఫులు రెండు గోతాలు తూకానికి పంపాను. దొరకలేదు. ట్రంకుపెట్టె చూడలేదు. అందులో సత్యలక్ష్మి చీరలున్నాయి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీవ్రతం. ఎదురింటివాళ్లు తాంబూలం ఎవరికివ్వాలో తెలియక గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, శనగలు నా చేతిలో పెట్టి వెళ్లారు. షాపు తియ్యలేదు.

సత్యలక్ష్మి పోయి తొమ్మిది నెలలు. టైపు రాదు ఆమెకి. కంప్యూటరు ముట్టుకోలేదు ఎప్పుడూ. ఆమె పని చదవడం. నేను టైపు చేసి ప్రింటు తీశాక, చేతిరాత ఆమె ఒళ్లో పెట్టుకుని పైకి చదివేది, నేను ప్రింటు చూసి దిద్దుకునేవాడిని. కామాలూ పుల్‌స్టాపులూ కూడా చదివేది. "నన్నయ కాలం నాటికి, కామా, ఈ రూపం స్థిరపడలేదు, పుల్‌స్టాప్, పేరా." అలవాటై ఇంట్లో కూడా వచ్చేది. "అన్నం చల్లారిపోతోంది, పుల్‌స్టాప్." అర్థం కానివి కూడా అర్థమైనట్టే చదివేది. మా షాపులో థీసిసు చదివించకుండా బయటికి వెళ్లేది కాదు. రెండు వందల పన్నెండు థీసిసులు. ఆమె ఏడో తరగతి, నేను ఎనిమిది. నాకు వచ్చిన తెలుగంతా ఆమె గొంతులో విన్నదే.

ఆమె కూర్చున్న ఎర్ర స్టూలు అక్కడే ఉంది. తాతాజీ దాని మీద జిగురు డబ్బా పెడితే తీయించాను.

టైపు: లేదు.

ఆగస్టు 9, శనివారం

ట్రంకుపెట్టె చూడలేదు.

ఆగస్టు 11, సోమవారం

రాత్రి వాన. గోదావరి ఎర్రగా ఉంది. టైపు: 2.

శివరామకృష్ణగారు ఫోన్ చేశారు. హారతికి గైడు. నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగుదురు.

"మల్లేశ్వరరావుగారూ, ఆ పిల్ల చేతిరాత మీరు చూశారు కదండీ. నాలుగో అధ్యాయం చూసే టైపు చేశానని ఒక ముక్క రాసివ్వండి. మీ మాటంటే కమిటీలో అందరికీ గురి."

"చూసే ఉంటానండి. ఎన్నో వస్తాయి కదండీ. కళ్లు కూడా అప్పుడు బాగాలేవు. గుర్తులేదండి."

ఆయన గొంతు తగ్గించారు.

"గుర్తుచేసుకోండి. మంచి పిల్లండి."

చెప్పిందంతా అబద్ధం కాదు. కళ్లు బాగాలేని మాట నిజమే. కుడికంటికి మార్చిలో ఆపరేషను చేశారు. జనవరిలో అక్షరాల చుట్టూ జిల్లేడు పత్తిలా కమ్మేది.

ఆగస్టు 12, మంగళవారం

షాపు మధ్యాహ్నమే మూసేశాను. తాతాజీని పంపేశాను.

ట్రంకుపెట్టె తీశాను. నాలుగో నోటుబుక్కు నేను పెట్టిన చోటే ఉంది. నీలం అంచు చీర కింద. ఫిబ్రవరి పదకొండున నేనే పెట్టాను. వెతికానని రాసినవన్నీ ఎందుకు రాశానో తెలియదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు.

మొత్తం రాస్తాను.

హారతి థీసిసులో నాలుగో అధ్యాయం తప్ప మిగతావన్నీ నేనే టైపు చేశాను. చేత్తోనే. నాలుగోది అరవై ఎనిమిది పేజీలు. ఆమె రాత చిన్నది, పెన్సిలుతో. మధ్యలో ముసలమ్మ మాటలు ఎలా అంటే అలా. రోజుకి రెండు పేజీలు మించి కన్ను ఆనేది కాదు. గడువు ఇరవై రోజులు. సుమంత్ చూసి, "ఫోటో తీస్తే చాలండి, అదే టైపు చేసేస్తుంది" అని నా ఫోన్‌లో ఆ యాప్ వేసి పెట్టాడు.

మొదటి మూడు పేజీలు ఫోటో తీశాను. అచ్చం దించింది. వాటిని అక్షరం అక్షరం సరిచూశాను. ఒక్క తప్పు లేదు. నాకు భయం కూడా వేసింది. ముప్పై ఒక్క ఏళ్లు నేర్చుకున్న పని అది అన్నం ఉడికే లోపు చేసింది.

నాలుగో పేజీ దగ్గర ఏదో అడిగింది. కొన్ని మాటలు స్పష్టంగా లేవు, భాష సరిచేసి ఇవ్వమంటారా అని. సరే అని నొక్కాను. తరవాత అరవై నాలుగు పేజీలకూ సరే అనే నొక్కుతూ పోయాను. నొక్కింది నా వేలే. సుమంత్‌ది కాదు.

చదివే మనిషి లేదు. సత్యలక్ష్మి ఉంటే ఒక్క పేజీ పైకి చదవగానే, అచ్చులో ఇలా లేదే అని నాకే తెలిసిపోయేది. ఆమె లేదు కాబట్టి చదివించలేదు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. తాతాజీ చేత చదివించి ఉండచ్చు. హారతినే పిలిచి ఉండచ్చు. మళ్లీ ఎవరి చేతైనా చదివిస్తే ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోవాలి.

ఫిబ్రవరి పదకొండున బైండింగుకి ఇస్తూ ఒక పేజీ చూశాను. నూట యాభై ఆరు. వాళ్ల మామ్మ మాట్లాడే చోటు. థీసిసులో ఇలా ఉంది:

"సముద్రపు కోత కారణంగా మా సంప్రదాయ జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్నది. ఇది కేవలం ఇళ్లను కోల్పోవడం మాత్రమే కాదు, ఒక సాంస్కృతిక వారసత్వాన్ని కోల్పోవడం."

నోటుబుక్కులో, ఇప్పుడు నా ఎదురుగా, ఇలా ఉంది:

"మమ్మల్నేటి అడిగొచ్చిందా సంద్రం. ముందు కొబ్బరిసెట్టు, అటుమీద దొడ్డి, అటుమీద మగ్గం గుంట. గుంటలో ఉప్పునీల్లు సేరాక కాల్లెక్కడెట్టుకుంటామే? కాల్లు లేకపోతే నేతేటి, నేనేటి?"

తెల్లవారితే థీసిసు ఇవ్వాలి. ఒక్క పేజీయే కదా, ఎగ్జామినర్లు ప్రతి పేజీ చూస్తారా అనుకున్నాను. రెండో పేజీ తిప్పి చూడలేదు. నోటుబుక్కు ఇంటికి తెచ్చి చీరల కింద పెట్టాను. దాచాలని పెట్టలేదు, భద్రంగా ఉంటుందని పెట్టాను అని అప్పుడు అనుకున్నట్టు గుర్తు.

ఈ రోజు రెండూ పక్కపక్కన పెట్టుకుని పూర్తిగా చూశాను. చిన్నమ్మాయిగారి మాట ఒక్కటి కూడా థీసిసులో లేదు.

ఇంకొకటి. నోటుబుక్కులో ఆమె మాటలున్న ప్రతి పేజీ అడుగునా హారతి సన్నగా ఒక వాక్యం రాసుకుంది. "మామ్మకి చదివి వినిపించాను. సరే అంది." కొన్నిచోట్ల, "సరే అనలేదు. దిద్దించింది." ఒకచోట, "నేనట్టా అన్లేదు, మళ్లీ రాయి అంది."

అక్షరం రాని మనిషి తన మాట ప్రతి పేజీ చదివించుకుని విన్నది. నేను చదివించలేదు.

థీసిసు ముందు కృతజ్ఞతల పేజీ ఉంటుంది. అది నా చేత్తోనే టైపు చేశాను. గైడుగారు, అమ్మానాన్న, మామ్మ. చివరి వాక్యం: "మా మామ్మ మాటల్లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా టైపు చేసి ఇచ్చిన మల్లేశ్వరరావు గారికి."

అచ్చులో నా పేరు ఇంకెక్కడా లేదు, ఇలాంటి పేజీల్లో తప్ప.

ఆగస్టు 13, బుధవారం

ఎల్లుండి సెలవని అందరూ ప్రింట్లకి ఎగబడ్డారు. ప్రింటు: రెండు వందల నలభై. టైపు: లేదు.

నోటుబుక్కు గుడ్డసంచిలో పెట్టాను. రేపు పదకొండింటికి కమిటీ. పది గంటలకి బయల్దేరతాను.

తాతాజీతో చెప్పాను. మొత్తం చెప్పాను. అతను రెక్సిను మడత పెడుతూనే విన్నాడు.

"చెప్తే ఇంక ఎవరొస్తారండి మన కొట్టుకి?"

"రారు."

"చెప్పకపోతే ఆ పిల్లకి?"

నేను గుడ్డసంచి ముడి బిగించాను.

"నేను బైండు చేసేవోణ్ణండి. లోపలేముందో నాకక్కర్లేదు. అన్నీ అంటించేత్తాను. లోపల చూసేవోరు మీరు గదండీ."

ఆగస్టు 14, గురువారం

జోరు వాన. ఆటోలు లేవు. వెళ్లలేకపోయాను. టైపు: లేదు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. షాపు ముందు జెండా కట్టాను. తాతాజీ స్వీటు పట్టుకొచ్చాడు.

"నిన్న మీకు వాన ఎక్కడ పడిందండి?"

నేను ఏదో సర్దుతున్నట్టు లోపలికి వెళ్లాను. వదల్లేదు.

"యూనివర్సిటీ గేటు కాడ టీ కొట్టోడు మా బావమరిదేనండి. గంటన్నర కూకున్నారంటగా. సంచీ ఒళ్లో ఎట్టుకుని నాలుగు టీలు తాగారంట. గొడుగు మడిచినట్టే ఉందంట, ఇప్పనే లేదంట."

నిన్న వాన లేదు. పదింటికే వెళ్లాను. హారతి వాళ్ల నాన్నతో లోపలికి వెళ్లడం చూశాను. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు, మడతలు పోలేదు. పిల్ల ఒకసారి రోడ్డు వైపు తిరిగి చూసింది. నేను టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

తుంపర. పొద్దున్న హారతి నుంచి మెసేజి. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"బాబాయిగారూ, నోట్‌బుక్ కోసం ఇంక వెతకొద్దండి. సంతకం పెట్టేశాను. యంత్రం సాయం తీసుకున్నట్టు ఒప్పుకుంటే సంవత్సరం తర్వాత మళ్లీ ఇవ్వనిస్తారట, లేకపోతే మొత్తం రద్దట. గైడుగారు కూడా పెట్టేయమన్నారు. తుని కాలేజీకి చెప్పేశాను. మీరు దుమ్ములో వెతుక్కుని కళ్లు పాడుచేసుకోకండి. డ్రాప్స్ మానకండి."

మధ్యాహ్నం సుమంత్ వచ్చాడు. కాజాల పెట్టె తెచ్చాడు. తొమ్మిది శాతం చూపించిందట. ఇంకో చోట ఎవరో చేసిపెట్టారు. మెరూన్ రెక్సినుతో ఆరు కాపీలు బైండింగుకి ఇచ్చాడు. తాతాజీ కాజా తిన్నాడు. నేను తీసుకుని బల్ల మీద పెట్టాను. చీమలు పట్టాయి.

బైండింగు: ఆరు.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున్న అయిదున్నర బస్సుకి కాకినాడ. అక్కణ్నుంచి ఉప్పాడ. షాపు తాతాజీకి అప్పగించాను.

బీచి రోడ్డు రెండు చోట్ల తెగి ఉంది. రాళ్లు పోశారు. వాళ్ల ఇల్లు అడిగితే పాతదా కొత్తదా అన్నారు. పాతదానికి రెండు గోడలున్నాయి, సముద్రం వైపుది లేదు. కొత్తది వెనక వీధిలో, రేకుల షెడ్డు. లోపల మగ్గం ఒకటే ఉంది. వాళ్ల నాన్న నేస్తున్నాడు. గుంటలో కాళ్లు ఆడుతూ కనిపించాయి.

హారతి కండెకి నూలు చుడుతోంది. నన్ను చూసి లేచింది.

"బాబాయిగారూ! ఫోన్ చేస్తే బస్టాండుకి వచ్చేదాన్ని కదండీ. అమ్మా, రాజమండ్రి బాబాయిగారొచ్చారు, మజ్జిగ తే."

సంచీలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాను.

పట్టుకుని గుండెకి హత్తుకుంది. "దొరికిందా! ఎక్కడ దొరికిందండీ?"

బస్సులో వస్తూ ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"దొరకలేదమ్మా. నేనే దాచాను."

చెప్పాను. ఫోటోల సంగతి, సరే అని నొక్కిన సంగతి, నూట యాభై ఆరో పేజీ, టీ కొట్టు. మగ్గం చప్పుడు మధ్యలో ఎక్కడో ఆగింది. వాళ్లమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీకొకటి చెప్పనాండీ," అంది. "కమిటీలో ఆ చాప్టరు తెరిచి నా ముందు పెట్టారండి. ఇది నువ్వు రాశావా అన్నారు. నేనప్పటిదాకా అచ్చులో చదవలేదు. మీరు చూశాక మళ్లీ నేను చూడడమేంటని. చదివానండి. మా మామ్మలా లేదు. నాలా కూడా లేదు. నాకు పిచ్చెక్కినట్టయిందండి. ఎప్పుడో అలిసిపోయి నేనే ఇలా రాసేశానేమో, మర్చిపోయానేమో అనుకున్నాను. అందుకే పెట్టానండి సంతకం. గైడుగారు చెప్పారని కాదు."

వాళ్ల నాన్న మగ్గం మీంచి అన్నాడు. "మాయమ్మ మాటలు లేవా అందులో?"

"లేవు నాన్నా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదండి," అన్నాను నేను.

ఆయన పోగు నేసే నాడె పక్కన పెట్టాడు. కాసేపు ఆ గుంట అంచు మీద చెయ్యి వేసుకుని కూర్చుని, మళ్లీ నేత మొదలుపెట్టాడు.

హారతి నోటుబుక్కు తెరిచి మధ్యలో ఒక పేజీ పైకి చదివింది. తన గొంతుతో కాదు. గొంతు మారిపోయింది, ముక్కుతో సాగదీస్తూ, పళ్లు లేని మనిషి మాట్లాడినట్టు. "కాల్లు లేకపోతే నేతేటి, నేనేటి?" వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను లేస్తుంటే హారతి అడిగింది. "ఇదంతా కమిటీకి రాసిస్తారా?"

"రాసిస్తానమ్మా."

"టైపు చెయ్యకండి. చేత్తో రాయండి."

బస్సు ఎక్కించడానికి రాలేదు. వాళ్ల నాన్న వచ్చాడు.

ఆగస్టు 21, గురువారం

ఉత్తరం మొదలుపెట్టాను. ఎన్నో థీసిసులకి ముందుమాటలు, విన్నపాలు, దరఖాస్తులు సరిచేసి ఇచ్చాను. నా సొంతానికి ఒక్క వాక్యం రావడం లేదు. "అనివార్య కారణాల వల్ల" అని రాసి కొట్టేశాను. "సాంకేతిక లోపం వల్ల" అని రాసి కొట్టేశాను.

టైపు: లేదు.

ఆగస్టు 22, శుక్రవారం

ఇచ్చేశాను. పేజీన్నర. చేతిరాత. మొదటి వాక్యం: "హారతి రాసినది హారతిదే, దానిని మార్చినది నేను." కింద సంతకం.

శివరామకృష్ణగారు నిలబడే చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వారం ముందు ఇచ్చి ఉంటే, రావుగారూ."

"అవునండి."

"ఇప్పుడు ఆ పిల్ల సంతకం ఫైల్లో ఉంది. మీ కాగితం దాని వెనకాల చేరుతుంది. పైవాళ్లు చూస్తారో చూడరో చెప్పలేను. తుని పోస్టు ఎలాగూ ఇంకొకరికి వెళ్లిపోయింది."

గుమ్మం దాకా వచ్చి మళ్లీ అన్నారు. "మీ దగ్గర నా స్టూడెంట్లవి పదహారు థీసిసులు టైపు అయ్యాయండి. ఇప్పుడు అన్నీ తిరగేసి చూసుకోవాలా?"

అవి చదివించినవే, సత్యలక్ష్మి చదివినవే అని చెప్పాలనుకున్నాను. చెప్పినా నా మాటే కదా.

ఆఫీసులో రిసీవ్డు ముద్ర వేసి ఇచ్చారు. అది ఈ డైరీలోనే పెట్టాను.

ఆగస్టు 23, శనివారం

సంగతి అప్పుడే పాకింది. ఇద్దరు స్కాలర్లు వచ్చి వాళ్ల కాగితాలు తీసుకెళ్లిపోయారు. ఒకమ్మాయి, "ఏమనుకోకండి," అంది. తాతాజీ కట్టలు కట్టి ఇచ్చాడు.

"మీరు మూసేత్తే ముందు చెప్పండి. నాకు మండపేటలో రైసుమిల్లు సంచులు కుట్టే పనుందంటన్నారు."

"మూస్తానని ఎవరన్నారు?"

"మీరు బోర్డు కేసి చూత్తన్నారు గదండీ."

ఫోన్‌లో ఆ యాప్ తీసేద్దామని తెరిచాను. ఈ రోజు మీకు ఏ విధంగా సహాయపడగలను అని అడిగింది. తియ్యడం ఎలాగో నాకు తెలియదు. సుమంత్‌ని అడగాలి.

టైపు: లేదు.

సెప్టెంబరు 1, సోమవారం

మబ్బు. గాలి లేదు. మొదటి సోమవారం కాబట్టి నీళ్ల సీసా తెచ్చిపెట్టుకున్నాను, ఇంకా మూతలు తియ్యలేదు. పొద్దున్నే షాపు తీసేసరికి హారతి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగో నోటుబుక్కు, పక్కన టిఫిను డబ్బా. ఈ రోజు తునిలో చేరాల్సిన పిల్ల.

బాబాయిగారూ అనలేదు. నమస్కారమండి అంది.

"సంవత్సరం టైముంది కదండీ. మళ్లీ ఇవ్వాలి. అచ్చులో మామ్మ ఉండాలి. వేరే చోట ఇస్తే మళ్లీ ఫోటో తీసేస్తారు. నేను చదువుతాను, మీరు టైపు చేయండి. నేను చదివిందే చెయ్యాలి."

"నామీద నీకు..."

"నమ్మకం ఉండి రాలేదండి. పక్కన కూర్చుంటే చాలని వచ్చాను."

కూర్చోడానికి చుట్టూ చూసింది. ఎర్ర స్టూలు తుడిచి వేశాను. కూర్చుంది. తాతాజీ కత్తెర చప్పుడు కాకుండా బయట అరుగు మీదికి వెళ్లి పని చేసుకుంటున్నాడు.

చదవడం మొదలుపెట్టింది. మొదట తన గొంతుతో, పేరా తిరిగేసరికి ఆవిడ గొంతుతో. నా వేళ్లు అలవాటు ప్రకారం సంద్రాన్ని సముద్రం చేశాయి. ఆపి, స్క్రీను మీద వేలు పెట్టి చూపించింది. దిద్దాను. సెట్టుని చెట్టు చేశాను. మళ్లీ ఆపింది. ఒక పేజీకి పదకొండు చోట్ల ఆపింది. ఏ యంత్రమూ లేదు, కళ్లు కూడా ఇప్పుడు బాగున్నాయి. అవన్నీ నా వేళ్లే. ఆ రెండు వందల పన్నెండింటిలో ఎంతమంది మాటలు ఇలా దిద్దానో సత్యలక్ష్మికి కూడా తెలియదు. ఆమె చదివింది చేతిరాతే, ప్రింటు చూసింది నేనే.

ఒకచోట వాక్యం ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"ఇక్కడ పుల్‌స్టాపా అమ్మా?"

"మామ్మ ఆపలేదండి. ఊపిరి తీసుకుంది, అంతే."

ఏం పెట్టాలో తెలియలేదు. పెట్టకుండా వదిలేశాను. పేజీ అయ్యాక ప్రింటు తీసి ఆమెకిచ్చాను. ఇప్పుడు నేను చదవాలి, ఆమె నోటుబుక్కు చూసుకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఎప్పుడూ పైకి చదవలేదు. మెల్లగా చదివాను. అయిపోయాక ఆమె పెన్సిలు తీసి పేజీ అడుగున ఏదో రాసుకుంది. ఏం రాసిందో నేను అడగలేదు.

మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పింది. రెండు మూతల్లో పెట్టింది, ఒకటి నా వైపు జరిపింది. తిన్నాం. చెయ్యి కడుక్కోడానికి దొడ్లోకి వెళ్లింది, అందుకని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇలా అయితే రోజుకి మూడు పేజీలు. అరవై ఎనిమిది పేజీలకి దసరా దాకా పడుతుంది. ఆ తరవాత షాపు ఉంటుందో లేదో. వస్తోంది. స్టూలు దగ్గరికి లాక్కుంది. పేజీ తిప్పింది, మొదలుపెట్టేసింది, టైపు: